ఏడో మెట్టుకు సవరణ

వేదిక మీద ఉన్న డైరెక్టరు గారికి, ఆయన పక్కన కూర్చుని ఇప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్న చేపల డాక్టరు గారికి, నాకంటే ముందు రిటైరై ఈ రోజు మోకాళ్ళ నొప్పులతోనే వచ్చిన పెద్దలకు, పంపుగది వాళ్ళకు, మేతగది వాళ్ళకు, గేటు వదిలేసి వచ్చిన కాపలావాళ్ళిద్దరికీ, వాళ్ళలో ఒకరు వెనక్కి వెళ్తే బాగుంటుందని మనవి చేస్తూ, (నవ్వులు) ముందు వరసలో కూర్చున్న మా వదినకు, అందరికీ నమస్కారం.

ముందుగా ఒక మాట. టేబుల్ మీద రిబ్బను కట్టిన పుస్తకాల కట్ట ఉంది. కార్యక్రమం ప్రకారం నేను మాట్లాడాక డైరెక్టరు గారు రిబ్బను విప్పి దాన్ని ఆవిష్కరించాలి. అప్పటిదాకా దయచేసి ఎవరూ దాన్ని ముట్టుకోకండి. నేను మాట్లాడాక కూడా విప్పాలో వద్దో నాకు తెలియదు. అది తేలడానికే మాట్లాడుతున్నాను.

ఆ చిన్న పుస్తకం పేరు 'క్లౌన్ చేపకు కొత్త ఇల్లు: ఏడు మెట్లు'. అట్ట మీద నా పేరుంది. అందులో చెప్పిన పద్ధతిని రేపటి నుంచి వెనక గదిలో పన్నెండు జంటల మీద అమలు చేస్తారు. ఇంకో తొమ్మిది అక్వేరియాలకు పోస్టులో పంపుతారు. అందులో ఆరు మెట్లు సరైనవే. ఏడోది తప్పు. తప్పని కూడా గట్టిగా అనలేను. అది నిజమని ఎవరికీ తెలియదు, అంతవరకే అనగలను.

ఇందాక మాట్లాడినవాళ్ళంతా నా సహనాన్ని మెచ్చుకున్నారు. డైరెక్టరు గారు 'రోజుకు సున్నా పాయింట్ ఆరు మిల్లీమీటర్లు' అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకుని ఉంటారు. కాదు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు కాబట్టి.

బంధువులు ఉన్నారు, పంపుగది తప్ప మరో గది చూడని మావాళ్ళు కొందరున్నారు. వాళ్ళ కోసం మొదటి నుంచి చెప్తాను. డాక్టరు గారు మళ్ళీ గడియారం చూసుకోవచ్చు. (నవ్వులు)

క్లౌన్ చేప అంటే నారింజ రంగు మీద తెల్లచారలుండే చిన్న చేప. సముద్రంలో అది ఎనిమోన్ అనే జీవిలో కాపురం ఉంటుంది. చూడ్డానికి పువ్వులా ఉంటుంది కాబట్టి మేం దాన్ని పువ్వనే అంటాం. పువ్వు కాదు, జంతువు. దాని రేకుల్లాంటివి వేరే చేపల్ని కుడతాయి, క్లౌన్ చేప మాత్రం కొంచెం కొంచెంగా ఒళ్ళు రాసుకుంటూ అలవాటు పడి అందులోకి వెళ్ళిపోతుంది. బయటివాళ్ళు ముట్టుకోలేని చోట అది నిద్రపోతుంది.

మన కొత్త హాల్లో ఉన్న జంట సముద్రం చూసింది కాదు. మన వెనక గదిలో పుట్టింది. వాటి తల్లిదండ్రులూ అక్కడే పుట్టారు. పువ్వంటే ఏమిటో ఆ వంశంలో ఎవరికీ తెలియదు. మేం పువ్వు తెప్పించి తొట్టిలో ఎడమ మూల రాయి మీద పెట్టాం. చేపలు కుడి మూలకు వెళ్ళిపోయాయి. అక్కడ అద్దం తుడిచే అయస్కాంతం ఉంటుంది. రెండు ముక్కలు. ఒకటి అద్దం బయట, ఒకటి లోపల. బయటిదాన్ని చేత్తో జరిపితే లోపలిది వెంట వస్తుంది, నాచు తుడుచుకుపోతుంది. ఆ లోపలి నల్లముక్కను అవి ఇల్లనుకున్నాయి. తోకలతో దానికి విసనకర్రలా విసిరేవి. దాని పక్కనే నిద్రపోయేవి. తొట్టిలో చెయ్యి పెడితే కరిచేవి. చేపలు పువ్వులో ఆడుకుంటాయని వచ్చిన జనం నల్లముక్క పక్కన నిలబడ్డ చేపల్ని చూసి వెళ్ళేవాళ్ళు.

అందరం తలో చెయ్యి వేశాం. డాక్టరు గారు వలపెట్టెలో పెట్టి ఒక రోజంతా పువ్వు మీద వేలాడదీశారు. అవి వలకు అవతలి వైపు అతుక్కుని కూర్చున్నాయి. డైరెక్టరు గారు పువ్వులో ఉన్న చేపల ఫోటో తెప్పించి అద్దానికి అతికించారు, చూసి నేర్చుకుంటాయని. చేపలు చూడలేదు. ఒక సందర్శకుడు మాత్రం అదే తొట్టి అనుకుని ఫోటోకు ఫోటో తీసుకున్నాడు. (నవ్వులు) మన ఎలక్ట్రీషియన్ లైట్లు తగ్గించి చూశాడు. అతన్ని అందరూ ఫ్యూజు అంటారు, అలా పిలిస్తేనే పలుకుతాడు కాబట్టి నేనూ అలాగే అంటున్నాను. నేనేం చేశానంటే, పంపు మూతి తిప్పి, నీటి ఉరవడి వాటిని పువ్వు వైపు తోసేలా పెట్టాను. రెండు రోజులు అవి ఎదురీదాయి. మూడో రోజుకు బక్కచిక్కాయి. పంపు వెనక్కి తిప్పేశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

నేను నీళ్ళ మనిషిని. ముప్ఫై నాలుగేళ్ళు ఇక్కడ నీళ్ళే చూశాను. ఉప్పెంత, వేడెంత, గాలెంత అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నీళ్ళలో ఉన్నవాటి మనసు నాకు తెలియదు. అది మా ఆవిడకు తెలిసింది.

మీలో చాలామందికి ఆవిడ తెలుసు. టీచరు గారనేవాళ్ళు. పసిపిల్లల బడిలో ఇరవై ఆరేళ్ళు చెప్పింది. ఆ బడి పన్నెండింటికి వదిలేస్తారు. నా డ్యూటీ నాలుగింటికి అయ్యేది. ఇంటికి కలిసి వెళ్ళడం అలవాటు. ఆ మధ్య గంటలు ఆవిడ ఇక్కడే కూర్చునేది. పాత హాలు ఉన్నప్పుడు తాబేళ్ళ దగ్గర, కొత్త హాలు వచ్చాక క్లౌన్ చేపల ముందు, ఆ మూడుకాళ్ళ స్టూలు మీద. చేపలకు మేత వేసే మేతక్క టీ తెచ్చి ఇచ్చేది. నాకెప్పుడూ తేలేదు. (నవ్వులు)

పంపు తిప్పిన సంగతి ఆవిడకు తెలిసింది. ఇంటికెళ్ళాక ఒక సంగతి చెప్పింది. వాళ్ళ బడికి ఒక పిల్ల వచ్చిందట. తాత గొడుగు పట్టుకుని గేటు దగ్గరే నిలబడేదట, లోపలికి రమ్మంటే ఏడుపు. ఆయాలు ఎత్తుకుని లోపల కూర్చోబెడితే బయటికి పరుగు. మా ఆవిడ ఆ తాతను బతిమాలి గొడుగు అడిగి తీసుకుంది. మొదటి రోజు గేటుకు తగిలించింది. మర్నాడు ఒక అడుగు లోపలికి, వరండా స్తంభానికి. ఆ మర్నాడు ఇంకో అడుగు. పిల్లను ఎవరూ ముట్టుకోలేదు. మూడు వారాలకు గొడుగు తరగతి గదిలో ఉంది, పిల్ల గొడుగు పక్కన ఉంది. కొన్నాళ్ళకు గొడుగును మరిచిపోయింది.

ఇంతా చెప్పి, "చేపల్ని కదపకండి. అవి పట్టుకున్నదాన్ని కదపండి" అంది.

పుస్తకంలో ఉన్న ఆరు మెట్లు ఆ రెండు వాక్యాలే. మిగతాదంతా వివరణ.

మర్నాటి నుంచి అయస్కాంతాన్ని ఆవిడ జరపడం మొదలుపెట్టింది. అప్పుడు పువ్వుకూ దానికీ మధ్య ముప్ఫై ఒక్క అంగుళాలు. రోజుకు రెండు వేళ్ళ మందం. ఆవిడ వేళ్ళు సన్నం, రెండు వేళ్ళంటే సరిగ్గా అంగుళం. నావి రెండు పెడితే అంగుళమున్నర. అందుకని నన్ను జరపనిచ్చేది కాదు. చేపలు చిరాగ్గా ఉన్న రోజు జరిపేది కాదు. వారానికి ఒక రోజు సెలవిచ్చేది, వాటికీ సెలవుండాలని. పిల్లల హాజరు పుస్తకాల్లో మిగిలిపోయిన ఒక దాంట్లో రోజూ ఒక అంకె రాసుకునేది. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది. ఇరవై ఎనిమిది, జరపలేదు, పెద్దది అలిగింది. పెద్దదంటే ఆడది. వీటిలో ఆడదే పెద్దది.

అన్నట్టు ఇక్కడ ఒక విషయం. ఈ చేపల్లో ఆడది పోతే మగది కొన్నాళ్ళకు ఆడదిగా మారి మళ్ళీ జంట కడుతుంది. డాక్టరు గారు ఈ మధ్య ఒక రోజు నా పక్కన కూర్చుని చాలా ఓపిగ్గా నాకీ సంగతి వివరించారు. ఓదార్పు కోసమే చెప్పారు, అది నాకు తెలుసు. నన్నేం చేయమన్నారో మాత్రం అర్థం కాలేదు. (పెద్దగా నవ్వులు) డాక్టరు గారూ, మీరు నవ్వడం చూసి చాలా రోజులైంది.

సెలవులూ అలకలూ కలిపి రెండు నెలలకు ముప్ఫై ఒకటి నాలుగైంది. చేపలు అయస్కాంతం వెంటే వచ్చాయి. మధ్యమధ్య పువ్వు వైపు చూసేవి. ఒకసారి చిన్నది తోక చివర తగిలించి వెనక్కి వచ్చిందని ఆవిడ ఆ రోజంతా చెప్పింది. అప్పుడొక బుధవారం సాయంత్రం నాతో అంది.

"ఏమండీ, రేపు నేను రాను. బడిలో తల్లిదండ్రుల మీటింగు. ఒక్క అంగుళం మీరు జరపండి. స్కేలు పెట్టి జరపండి, మీ వేళ్ళతో కాదు."

సరే అన్నాను.

గురువారం పెద్ద తొట్టి కూలరు ఆగిపోయింది. పంపుగది వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మధ్యాహ్నం భోజనం కూడా చేయలేదు. నాలుగైంది, ఐదైంది. అయస్కాంతం సంగతి నాకు గుర్తులేదు. గుర్తొచ్చేసరికి ఇంట్లో ఉన్నాను. ఆవిడ బట్టలు మడతపెడుతోంది.

"జరిపారా?" అంది.

"జరిపాను."

"బెదిరాయా?"

"లేదు."

"లోపలికి చూశాయా?"

"చూశాయి."

ఎందుకలా అన్నానో నాకు తెలియదు. ఆవిడ కోప్పడే మనిషి కాదు. మరిచిపోయానంటే, పోన్లెండి రేపు జరపండి అనేది. అంతకు మించి ఏమీ జరిగేది కాదు. అలసిపోయి ఉన్నాను, అదొక్కటే కారణం కనిపిస్తోంది. పొద్దున్నే వెళ్ళి జరిపేస్తే నా మాట నిజమైపోతుందిలే అనుకున్నాను. శుక్రవారం ఏడింటికే వచ్చాను. స్కేలు తెచ్చుకుని తొట్టి ముందు నిలబడ్డాను. ఫోను వచ్చింది. బడి నుంచి. స్కేలు స్టూలు మీద పెట్టి వెళ్ళాను.

ఆ తరవాత సంగతి మీకందరికీ తెలుసు. మీరంతా ఆవిడను సాగనంపడానికి వచ్చారు. దాని గురించి మాట్లాడను.

పన్నెండో రోజున డ్యూటీకి వచ్చాను. స్కేలు స్టూలు మీదే ఉంది. అయస్కాంతం అక్కడే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. అది నేనే ముట్టుకోవాలని మీరంతా అనుకున్నారు. నేను ముట్టుకోలేకపోయాను. మిగతా తొట్లన్నీ తుడుస్తున్నాను, నీళ్ళు చూస్తున్నాను, కాగితాల మీద సంతకం పెడుతున్నాను. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ ఒక్క అద్దం చేతిగుడ్డతో తుడిచేవాణ్ణి, ఇప్పుడు తుడవాలంటే ఆ అయస్కాంతం దగ్గరికెళ్ళాలి, దగ్గరికెళ్తే జరపాలి. జరపలేదు.

అద్దం పచ్చబడింది. ముప్ఫై నాలుగేళ్ళలో నా చేతి కింద ఒక్క అద్దం పచ్చబడలేదు. ఇది మొదట మసకబారింది, పది రోజులకు వెలుతురు ఆకుపచ్చగా కనిపించింది, ఆ తరవాత లోపల ఏముందో కనిపించడం మానేసింది. డైరెక్టరు గారు నన్నొక్క మాట అడగలేదు. 'మరమ్మతులో ఉంది' అని బోర్డు పెట్టించారు. అందుకు ఈ సభలో ధన్యవాదాలు చెప్తున్నాను. మరమ్మతు ఏమీ లేదు. ఒక పెద్దాయన, ఏం పాడైంది బాబూ అని అడిగితే అద్దం అన్నాను.

ఆరు వారాలు అలా గడిచాయి. ఆ ఆరు వారాలూ నేనేం చేశానని అడిగితే నా దగ్గర నీళ్ళ కాగితాలున్నాయి. రోజుకు నలభై ఒకటి. అన్నిటి మీదా నా సంతకం ఉంది. అంతకంటే చెప్పలేను.

చివరికి డాక్టరు గారు వచ్చి, లోపల బాగున్నాయో లేదో చూడాలి కదండీ, పైకొచ్చి మేత తింటున్నాయంటే జబ్బు లేదని కాదు అన్నారు. నిజమే. నిచ్చెన వేసుకుని, పై నుంచి చెయ్యి పెట్టి, చేతిగుడ్డతో లోపలి నాచు తుడిచాను. అయస్కాంతాన్ని తప్పించి చుట్టూ తుడిచాను. మొదట అయస్కాంతం కనిపించింది. దాని పక్కన చేపల్లేవు. పోయాయి అనుకున్నాను. చెయ్యి నీళ్ళలోనే ఉండిపోయింది.

వెనక నుంచి మేతక్క అంది, "సార్, అటు కాదు. ఇటు చూడండి."

పెద్దది పువ్వులో పూర్తిగా మునిగి ఉంది. చిన్నది తల మాత్రం బయట పెట్టి నన్ను చూస్తోంది. మీరంతా పరుగెత్తుకొచ్చారు. ఎవరో నన్ను కౌగిలించుకున్నారు. ఫ్యూజు అనుకుంటా, గ్రీజు వాసన వచ్చింది. (నవ్వులు) నేను స్టూలు మీది స్కేలు తీసి అద్దానికి ఆనించాను. అలవాటు. అయస్కాంతానికీ పువ్వుకూ మధ్య మూడు అంగుళాలుంది.

నాలుగుండాలి. నేను జరపలేదు కదా. మూడుంది.

ఇక్కడికి సున్నా పాయింట్ ఆరు వస్తుంది. మన పుస్తకం రాసిన అమ్మాయిని మీరు గ్రాఫమ్మ అంటారు, గ్రాఫు గీయకుండా టీ కూడా తాగదని. బుధవారం నాలుగు అంగుళాలని టీచరు గారు చెప్పగా ఆ అమ్మాయి విన్నది. ఇప్పుడు మూడు చూసింది. నా దగ్గరికొచ్చి, సార్, ఆరు వారాల్లో ఒక అంగుళం జరిపారన్నమాట అంది. నేనేమీ అనలేదు. అవునని అనుకుంది. అంగుళాన్ని నలభై రెండుతో భాగించింది. రోజుకు సున్నా పాయింట్ ఆరు మిల్లీమీటర్లు. అద్దం కూడా కావాలనే తుడవలేదనుకుని, 'ఈ దశలో అద్దం తుడవరాదు' అని చేర్చింది. అదే ఏడో మెట్టు. అచ్చుకు వెళ్ళే ముందు ఆ పేజీలు నా సంతకానికి తెచ్చి నీళ్ళ కాగితాల మధ్య పెట్టింది. ఆ రోజు నలభై ఒకటి కాదు, నలభై తొమ్మిది సంతకాలు పెట్టాను. లెక్క తేడా కూడా గమనించలేదు. నువ్వు లేవకమ్మా, కూర్చో. నీ తప్పేమీ లేదు. నువ్వు అడిగావు, నేను నోరు మెదపలేదు.

ఈ పుస్తకం అచ్చై వచ్చిందని పది రోజుల కిందట తెలిసింది. అప్పటి నుంచి ఒక్కొక్కరినీ అడుగుతున్నాను. మీరు అయస్కాంతం జరిపారా అని. ఆ హాల్లో పనిచేసే పన్నెండు మందినీ అడిగాను. ఊడ్చే ఆవిణ్ణి అడిగాను. ఎవరూ జరపలేదన్నారు. నమ్మాలి. అయితే జరిపావా అని అడిగినప్పుడు మనుషులేమైనా అనగలరు. అది నాకంటే ఎవరికి తెలుసు. అంచేత మిమ్మల్ని నమ్ముతున్నానో లేదో కూడా సరిగ్గా చెప్పలేకపోతున్నాను. క్షమించండి.

చేపలు పువ్వులోకి ఎలా వెళ్ళాయన్నది ఎవరిని అడిగినా ఒక్కో మాట చెప్పారు. ఫ్యూజు, ఆ తొట్టి మీద రెండు లైట్లలో ఒకటి మూడు వారాలు వెలగలేదు, ఆ చీకట్లోనే వెళ్ళుంటాయి, నా వల్లే సార్ అన్నాడు. లైటు ఎందుకు మార్చలేదంటే మాత్రం మాట మార్చాడు. (నవ్వులు) డైరెక్టరు గారు, పచ్చటి అద్దం పరదా అయింది, జనం కనిపించక భయం తీరింది అన్నారు. మేతక్కను అడిగాను, రోజూ పై నుంచి మేత వేస్తావు కదా, ఎప్పుడు వెళ్ళాయో చూడలేదా అని. "నాకు పంతొమ్మిది తొట్లు సార్. పైకొచ్చి తిన్నాయా, తిన్నాయి. కిందికెళ్ళి ఎవరింట్లో పడుకున్నాయో నేనెందుకు చూస్తాను" అంది. (పెద్దగా నవ్వులు) అది న్యాయమే.

డాక్టరు గారు చెప్పింది వేరు. "చేపలే పువ్వు దగ్గరికి వెళ్ళాయని ఎందుకనుకుంటున్నారు? పువ్వు నడుస్తుందండీ" అన్నారు. నిజం. పువ్వుకు అడుగున పాదం లాంటిది ఉంటుంది. నచ్చకపోతే మెల్లగా జరుగుతుంది. వెలుతురు తగ్గిందని జరిగి ఉండొచ్చు. చేపలు నిలబడ్డ చోటికి అదే ఒక అంగుళం వచ్చి ఉండొచ్చు. రాయి మీద గుర్తేమైనా పెట్టారా అని అడిగారు. పెట్టలేదు. మేమంతా చేపల్నే చూశాం. పువ్వును ఎవరూ కొలవలేదు.

ఇక్కడితో ఆగితే బాగుండేది. ఇంకొకటుంది.

పోయిన ఆదివారం మా వదిన, అంటే మా ఆవిడ అక్క, ఇంటికొచ్చి ఆ హాజరు పుస్తకం నా చేతికిచ్చారు. బడివాళ్ళు అప్పగించిన చేతిసంచిలో ఉందట, ఇన్నాళ్ళూ తెరవడానికి ఆవిడకు చేతులు రాలేదట. ఆఖరి పేజీలో ఆఖరి వరుస చదువుతాను. 'గురు. 3. ఈయన జరిపారు. లోపలికి చూశాయట.'

(పుస్తకం మూసి)

వదిన ఆ వరుస మీద వేలుపెట్టి చూపించి, "చూశావా మరిదీ, ఆఖరి రోజున కూడా నువ్వు దాని మాట విన్నావు" అన్నారు.

వదినా, ఈ మాట మీకు ఇంట్లోనే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. వినలేదు. జరపలేదు. ఆ మూడు అంకె నా అబద్ధం విని ఆవిడ రాసుకున్నది. ఆరు వారాల తరవాత స్కేలు పెడితే అదే అంకె వచ్చింది. పువ్వు నడిచిందో, ఎవరో దయతలచి జరిపారో, బుధవారం నాటి నాలుగే తప్పో తెలియదు. ఎన్నిసార్లు కూర్చుని ఆలోచించినా తెలియలేదు. ఆవిడ లెక్క సరిపోయిందని సంతోషించాలో, నా అబద్ధం సరిపోయిందని సిగ్గుపడాలో తెలియడం లేదు. రెండూ కాకపోవచ్చు. వట్టి అంగుళమే కావచ్చు.

వదిన చెయ్యి ఊపుతున్నారు. ఆపమనో, కానివ్వమనో అర్థం కావడం లేదు. అడ్డు లేదంటున్నారు కాబోలు. కానిస్తాను.

నాకు తెలిసింది ఒక్కటే. ఆరు వారాలు నేను చూడాల్సినదాన్ని చూడలేదు. చేపలు పువ్వులోకి వెళ్ళాయి, మంచిదే. పోయి ఉండొచ్చు కూడా. పువ్వు కుట్టి ఉండొచ్చు, తెల్లమచ్చల జబ్బు వచ్చి ఉండొచ్చు. పచ్చటి అద్దం వెనక నాకు తెలిసేది కాదు. దాన్ని ఒక మెట్టుగా అచ్చువేసి, అద్దం తుడవకండి అని పన్నెండు జంటల మీద పెట్టడం నాకిష్టం లేదు. నేనేమీ చేయలేదు. ఏమీ చేయకపోవడాన్ని పద్ధతి అనొచ్చేమో, పెద్దలు చెప్పాలి. నేను మాత్రం దాని కింద సంతకం పెట్టలేను. ఒకసారి పెట్టేశాను కాబట్టి దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

డైరెక్టరు గారూ, మాట్లాడుతుండగానే తేలింది. రిబ్బను విప్పండి. ఆరు మెట్లు జనానికి అందాలి, అవి నిజం, అవి పనిచేశాయి, ఎన్నో కళ్ళు చూశాయి. మూడు వందల ప్రతులని విన్నాను. ప్రతి దాంట్లో ఏడో మెట్టు మీద నేనే అడ్డంగా గీత గీస్తాను. కింద రాస్తాను: 'ఇక్కడ ఏం జరిగిందో తెలియదు. ఎవరూ చూడలేదు.' అట్ట మీద నా పేరు కొట్టేసి ఆవిడ పేరు రాస్తాను. నా చేతిరాత బాగుండదు, సర్దుకోవాలి. కాగితాల ప్రకారం ఈ సాయంత్రం నాలుగింటిదాకా నేను డ్యూటీలోనే ఉన్నాను, సమయం సరిపోతుంది. ఇంటికి తొందరగా వెళ్ళి చేసేదీ లేదు.

రేపటి నుంచి ఆ పన్నెండు తొట్లు చూసేవాళ్ళకు రెండు మాటలు. పువ్వు ఎక్కడుందో మొదటి రోజే అద్దం మీద గుర్తు పెట్టండి, రోజూ దాన్నీ కొలవండి. అద్దం తుడవండి. తుడిచేటప్పుడు అయస్కాంతం జరుగుతుందని భయమైతే చేతిగుడ్డ వాడండి. చేపలు చిరాగ్గా ఉంటే ఆ రోజు వదిలేయండి. వేళ్ళు లావుగా ఉన్నవాళ్ళు స్కేలు వాడండి.

ఇన్నేళ్ళు నన్ను భరించిన పంపుగదికి, నా కాగితాలు ఏనాడూ పోగొట్టని ఆఫీసుకు, ఆవిడ రాని రోజుల్లో కూడా కొన్నాళ్ళపాటు ఆ స్టూలు దగ్గర టీ పెట్టి వెళ్ళిన మేతక్కకు, బోర్డు పెట్టించి ఏమీ అడగని డైరెక్టరు గారికి, నాకు అర్థం కాని ఓదార్పు చెప్పిన డాక్టరు గారికి, ఎంత చెప్పినా లేచి వెళ్ళని మా వదినకు కృతజ్ఞతలు. ఎవరినైనా మరిచిపోయి ఉంటే కోపం పెట్టుకోకండి. ఈ మధ్య చాలా మరిచిపోతున్నాను.

ఇక ఒకే ఒక్క మాట. ఆ తొట్ల పక్కన పుస్తకం పెడతారు, రోజూ అందులో అంకె రాస్తారు. జరిపిన రోజు జరిపామని రాయండి. జరపని రోజు జరపలేదని రాయండి. ఇంటికెళ్ళి ఎవరైనా అడిగితే కూడా అదే చెప్పండి.

సెలవు. ఎవరి దగ్గరైనా పెన్నుంటే ఇవ్వండి.